రంపపు పొట్టు బట్టీ

టీ తాగుతూ వినండి. మధ్యలో నవ్వొస్తే కప్పు కింద పెట్టి నవ్వండి, నా చీర మీద పొయ్యకండి. మా ఇంటికి ఎక్సైజు జీపు వచ్చిన సంగతి ఇన్నాళ్ళూ మీకెవరికీ చెప్పలేదు. చెప్పుకునే సంగతా అది? చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషిని. స్త్రీల సంఘానికి లీడర్ని. సారా మానండని ఊళ్ళంట తిరిగి పాటలు పాడినదాన్ని. అలాంటి నేను ఇంట్లో సారా కాస్తున్నానని పట్టుకోడానికి వచ్చారు వాళ్ళు. వాళ్ళని తప్పు పట్టడానికి కూడా లేదు. బయట నిలబడి మా ఇంటి వెనక పాకని చూస్తే నన్ను నేనే పట్టించేదాన్ని.

అప్పుడు మా ఆయన ప్రకాశం గారు అరకు దగ్గర ఒక ఊళ్ళో ప్రైమరీ స్కూలు మాస్టరు. ఊరి చివర మా ఇల్లు. వెనక కట్టెలు పెట్టుకునే పాక. పక్కిల్లు సుకిరి వాళ్ళది. సుకిరి, ఆమె మొగుడు గాసి, కొండ మీద కాఫీ మొక్కలూ, కింద కాస్త చోళ్ళ, అంటే రాగుల, పొలమూ చేసుకుంటూ ఉండేవాళ్ళు. ఇంటి ముందు ఒక పంది తిరుగుతూ ఉండేది. రాష్ట్రమంతా మద్యం బంద్ అయిన రోజులవి. దొంగచాటుగా నాటుసారా కాసేవాళ్ళ కోసం జీపులు కొండలెక్కి దిగుతూ ఉండేవి.

ఆ టైములో నేను విశాఖ వెళ్ళి పుట్టగొడుగుల పెంపకం ట్రైనింగ్ తీసుకున్నాను. రంపపు పొట్టులో పెంచడం. కోత మిల్లులో కట్టె కోస్తే కింద రాలుతుంది చూడండి, ఆ పొట్టు. దాన్ని తడిపి, తవుడు కలిపి, ఆవిరి మీద ఉడికించి, చల్లారాక పాలిథిన్ సంచుల్లో నింపి, మధ్య మధ్యలో విత్తనం చల్లి మూతి కట్టెయ్యాలి. చీకటి గదిలో వేలాడదీస్తే కొన్నాళ్ళకి సంచంతా తెల్లటి బూజు అల్లుకుంటుంది. ఆ తరవాత పుట్టగొడుగులు బయటికొస్తాయి. అంతే. చెప్పిన సారు మంచివాడు. చివర్లో ఒక మాట గట్టిగా చెప్పాడు. గదిలోకి ఎవర్నీ రానివ్వకండి, మనుషుల బట్టల మీదా చేతుల మీదా వేరే బూజులుంటాయి, అవి సంచుల్లో పడితే పంట పోతుంది అని.

నాకు మాత్రం, ఎవర్నీ నమ్మకండి, అని వినపడింది.

దానికి తోడు అరకులో టూరిస్టులు దిగే హోటలు మేనేజరు ఒకమాట అన్నాడు. సీజన్లో బెంగాలీ వాళ్ళు వచ్చి మష్రూమ్ అడుగుతున్నారట, విశాఖ నుంచి డబ్బాల్లో తెప్పిస్తున్నాడట. ఈ కొండల్లో ఎవరూ పెంచట్లేదు, మీరు పెంచితే మీ దగ్గరే తీసుకుంటానన్నాడు. ఆ 'ఎవరూ పెంచట్లేదు' అన్న మాట నా బుర్రలో మేకులా దిగిపోయింది. ఎవరూ పెంచకుండా చూసుకోవాలి. ఎవరికీ తెలియకుండా చెయ్యాలి. ఆ రోజు నుంచి ఊళ్ళో ప్రతి మనిషీ నా పుట్టగొడుగుల విద్య ఎత్తుకుపోవడానికి పుట్టినట్టే కనపడ్డారు.

మొదట రంపపు పొట్టు. అరకులో వడ్రంగి దగ్గర అడిగితే ఊరికే ఇస్తాడు. అడిగితే ఎందుకని అడుగుతాడు. అందుకని కిరండోల్ పాసింజరెక్కి ఘాటు దిగి, మా పుట్టిల్లు ఎస్.కోట వెళ్ళి, అక్కడ కోత మిల్లులో గోనె సంచులకి నింపించుకుని వచ్చాను. రైల్లో ఎదురుగా కూర్చున్న ఒకావిడ, ఆ మూటల్లో ఏటని అడిగింది. పొట్టు పొయ్యిలోకి అన్నాను. కట్టెలకి కరువైన టౌన్లో పొట్టుతో వంట చేసుకోడం సరేగానీ, అడవిలో ఉండి పొట్టు కోసం కొండ దిగడమేంటని ఆవిడకి డౌటొచ్చింది. నాకేమో, ఇంత కూపీ లాగుతోంది, ఈవిడెవరి మనిషో అని డౌటొచ్చింది. బొర్రా దాటేదాకా ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

తరవాత స్పిరిట్. విత్తనం ముట్టుకునే ముందు చేతులు స్పిరిట్‌తో తుడుచుకోవాలి. ఆసుపత్రి కాంపౌండర్ని అడిగి ఒక సీసా తెచ్చుకున్నాను. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ వెళ్ళాను. దెబ్బ తగిలిందా అమ్మా అని అడిగితే అవునన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. తరవాతిసారి వేలికి గుడ్డ చుట్టుకుని వెళ్ళాను. ఆ వేలు చూసి ఆయన నిట్టూర్చాడు. మద్యం దొరకని రోజుల్లో కొందరు స్పిరిట్ తాగేవారని చాలా ఆలస్యంగా తెలిశాకే ఆ నిట్టూర్పు నాకు అర్థమైంది.

ఇక పాక. తడికెల సందులన్నిటికీ గోనె పట్టాలు కొట్టాను. తలుపుకి తాళం. తాళం చెవి మెడలో సిలువ గొలుసుకే తగిలించుకున్నాను. వెనక పక్క పొయ్యి పెట్టి, మీద తారు డ్రమ్ము ఎక్కించాను. అందులో అడుగున నీళ్ళు, మీద పొట్టు. మూత మీద రాయి. మొదటిరోజే ఆవిరి తన్నుకొచ్చి మూత లేచిపోయింది. దాంతో మూతకి బెజ్జం పెట్టించి, ఒక గొట్టం బిగించి, ఆవిరి పోడానికి గొట్టం కొసని కాలవ వైపు తిప్పాను. గొట్టం చివర్నుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు కారేవి. చాలా తెలివిగా చేశాననుకున్నాను. ఇంత చేసి, నా మొహానికి గుడ్డ కట్టుకుని, పాకలోంచి బయటికొచ్చినప్పుడల్లా అటూ ఇటూ చూసి తాళం వేసేదాన్ని.

మా ఆయన్ని కూడా రానివ్వలేదు. ఆయనకి ట్రైనింగ్ సంగతి తెలుసు. కానీ ఆయన నోట్లో ఏ మాటా ఆగదు, మూడో తరగతి పిల్లలకి పాఠంలో చెప్పేసే రకం. ట్రయల్ చేస్తున్నాను, అయ్యాక చూపిస్తాను అన్నాను. ఆయన మంచి మనిషి, సరే అన్నారు. ఒకసారి మాత్రం నా కొంగు వాసన చూసి ఏదో అడగబోయి ఊరుకున్నారు.

మొదటి వాయి పాడైపోయింది. పొట్టు సరిగ్గా ఉడకలేదో, నీళ్ళెక్కువయ్యాయో, సంచుల అడుగున పచ్చటి నీరు దిగి పుల్లటి వాసన. అదేదో పులిసిన కల్లు వాసన. ఎవరైనా చూస్తే నవ్వుతారు, పైగా ఇందులో ఏం కలిపానో కనిపెట్టేస్తారు. అందుకని ఒక సాయంత్రం మసక పడ్డాక పెరట్లో గొయ్యి తవ్వి సంచులన్నీ పాతిపెట్టాను. మట్టి కప్పి, మీద ఎండాకులు కూడా జల్లాను.

తెల్లారి చూస్తే గొయ్యి తవ్వేసి ఉంది. సంచులు చిరిగి, పొట్టంతా చెల్లాచెదురు. తడి మట్టిలో మనిషి పాదాలు, అవి సుకిరి ఇంటివైపు వెళ్ళాయి. పంది గిట్టలు కూడా ఉన్నాయి గానీ, నా కంటికి అవి ఆనలేదు. నా అనుమానం అంతా సుకిరి మీదే. అప్పటికే ఆమె పెరటి గోడ దగ్గర నిలబడి పాక వైపు చూడడం రెండు మూడుసార్లు చూశాను. ఒకసారి పలకరించింది కూడా.

"మేస్టారమ్మా, ఏటి సేత్తన్నారు అందులోన?"

కట్టెలు ఆరబెడుతున్నానన్నాను. వానాకాలంలోనా అన్నట్టు చూసి వెళ్ళిపోయింది. గొయ్యి తవ్వేసి కనపడ్డ ఆ రోజంతా వాళ్ళ పంది పనస చెట్టు కింద పక్కకి పడి నిద్రపోయింది. లేచినప్పుడు రెండడుగులు వంకరగా వేసి మళ్ళీ పడుకుంది. దానికేం జబ్బో అనుకున్నాను.

తరవాత గోనె పట్టాలో ఒక చిల్లు కనపడింది. పాక వెనక, సరిగ్గా కంటి ఎత్తులో. గుడ్డ కుక్కాను. మర్నాటికి గుడ్డ కింద పడి ఉంది. మళ్ళీ కుక్కాను, మళ్ళీ పడింది. ఇంక లాభం లేదని, రెండో వాయిలో తయారైన సంచుల్లో ఒకదాన్ని తెచ్చి లోపల్నుంచి ఆ చిల్లుకి ఆనించి అడ్డంగా వేలాడదీశాను. ఇప్పుడు తొంగి చూస్తే పాలిథిన్ తప్ప ఏమీ కనపడదు. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

ఈసారి సంచులు బాగా వచ్చాయి. పాలు పోసినట్టు తెల్లగా అల్లుకున్నాయి. కానీ అక్కడితో ఆగిపోయాయి. రోజులు గడుస్తున్నాయి, ఒక్క మొగ్గ లేదు. బూజు అల్లుకున్నాక గాలీ వెలుతురూ తగలనివ్వాలని ట్రైనింగులో సారు చెప్పాడు. నేను మర్చిపోలేదు. కానీ తలుపు తెరిస్తే సుకిరి చూస్తుంది, గోనె తీస్తే గాసి చూస్తాడు. గాలికేం, తలుపు సందులోంచి వస్తోంది కదా అని సర్దుకున్నాను. మొగ్గలు రాకపోతే, నాసిరకం విత్తనం అంటగట్టాడని ఆ విత్తనం ఇచ్చినాయన మీద అనుమానపడ్డాను.

సుకిరి మొగుడు గాసి సంగతి చెప్పాలి. అతను రోజూ డ్రమ్ము వైపు వచ్చి, కాలవ దగ్గర గొట్టం ముందు కూర్చుని బీడీ కాల్చేవాడు. ఒకరోజు అతను గొట్టం కింద అరచెయ్యి పట్టి, ఆ నీటిబొట్లు నాలిక్కి రాసుకోవడం కిటికీలోంచి చూశాను. మొక్కకి ఏం పోస్తున్నానో రుచి చూసి కనిపెడదామని వచ్చాడనుకున్నాను. బయటికి వెళ్ళి ఏం గాసీ అన్నాను. లేచి నిలబడి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఎప్పటికి దిగుతాదేటి మేస్టారమ్మా?"

పంట ఎప్పుడు దిగుతుందని అడుగుతున్నాడు, అంటే విషయం తెలిసిపోయింది. ఇంక దాచి లాభం లేదు, మంచి చేసుకోవాలి. ఇంకో వారం పట్టొచ్చు, మొదటిసారి వేసింది పులిసిపోయి పారబోశానని చెప్పాను. అయ్యో పారబొయ్యడమెందుకమ్మా అని నిజంగా బాధపడ్డాడు. ఎవరికీ చెప్పొద్దన్నాను. చెప్పనని మీ దేవుడి మీద ఒట్టు అన్నాడు. సిగ్గుపడుతూ, మాకూ కొంచెం ఇత్తారా అని అడిగాడు. హోటలుకి ఇవ్వగా మిగిలితే ఇస్తానన్నాను. హోటలోళ్ళు కూడా తీసుకుంటన్నారా అని అతని కళ్ళు పెద్దవయ్యాయి. పాపం, పేదవాడికి పుట్టగొడుగులంటే ఎంత ఇష్టమో అనుకున్నాను. మొదటి బుట్టలోంచి ఒక గుప్పెడు ఇద్దామని మనసులో అనుకున్నాను కూడా.

ఆ తరవాత కొన్నాళ్ళకే జీపు వచ్చింది.

పొద్దున్నే. మా ఆయన స్కూలుకి వెళ్ళారు. నేను పాకలో ఉన్నాను. డ్రమ్ము మరుగుతోంది, గొట్టం కారుతోంది, నా మొహానికి గుడ్డ, చేతిలో స్పిరిట్ సీసా. తలుపు తీసుకుని బయటికి వస్తే ఎదురుగా ఇనస్పెక్టరు, కానిస్టేబుళ్ళు, ఒక లేడీ కానిస్టేబులు. వెనక సగం ఊరు. నేను చేసిన మొదటి పని ఏంటో తెలుసా? తలుపు మూసి తాళం వేశాను.

ఇనస్పెక్టరు మర్యాదస్తుడు. వయసు మళ్ళినవాడు. ఏమ్మా, లోపల ఏముందని అడిగాడు. ఏమీ లేదన్నాను. ఏమీ లేనిదానికి తాళం ఎందుకన్నాడు. తెరవకూడదండీ, జనం గాలి తగిలితే పాడైపోతుందన్నాను. ఆయన కానిస్టేబుళ్ళ వైపు తిరిగి, ఇన్నేళ్ళ సర్వీసులో ఈ మాట మాత్రం కొత్తది, అన్నాడు. ఈలోగా ఒకతను గొట్టం దగ్గర కూర్చుని వాసన చూస్తున్నాడు. ఇంకొకతను డ్రమ్ము చుట్టూ తిరిగి, బట్టీ చాలా బాగా కట్టారు సార్, అన్నాడు. అంత భయంలోనూ ఒక్క క్షణం ఆ మెచ్చుకోలు బాగానే అనిపించింది.

ఎవరో వెళ్ళి చెప్పినట్టున్నారు, మా ఆయన చేతులకి సుద్దతోనే పరుగెత్తుకొచ్చారు. వచ్చి నా పక్కన నిలబడ్డారు. హమ్మయ్య, ఒక మనిషి వచ్చాడు నా తరఫున, అనుకున్నాను. ఆయన నా చెవి దగ్గర వంగి మెల్లిగా అడిగారు.

"నిజం చెప్పు కరుణా. పుట్టగొడుగులేనా?"

చూడండి, నేను సరదాగా చెబుతున్నాను గానీ, ఆ క్షణం సరదాగా లేదు. గవర్నమెంటు టీచరు భార్య సారా కాస్తూ దొరికిందంటే ఆయన ఉద్యోగం ఏమవుతుంది? ఆదివారం చర్చిలో ఏ మొహంతో కూర్చుంటాను? ఎవరి గుమ్మం ముందైతే నిలబడి సారా మానండని పాట పాడానో, ఆ మనుషులంతా ఇప్పుడు మా గుమ్మం ముందున్నారు. మెడలోంచి గొలుసు తీసి తాళం చెవి ఇచ్చేశాను.

తలుపు తీశారు. లోపల చీకట్లో వరసలు వరసలుగా వేలాడుతున్న తెల్లటి సంచులు. సారా ప్యాకెట్లు సార్, అన్నాడు గొట్టం వాసన చూసినతను. లాఠీతో ఒకదాన్ని పొడిచాడు. కారలేదు. ఇంకోదాన్ని పొడిచాడు. అదీ కారలేదు. ఇదేంటమ్మా అన్నాడు ఇనస్పెక్టరు. రంపపు పొట్టండీ అన్నాను. రంపపు పొట్టుతో సారా కాస్తారా అని అడిగాడు. కాదండీ, ఇందులోంచి పుట్టగొడుగులొస్తాయి అన్నాను. ఏవీ అన్నాడు. ఇంకా రాలేదండీ అన్నాను.

ఆ జవాబు నాకే అబద్ధంలా వినిపించింది. ఇనస్పెక్టరు మొహంలో నవ్వు పోయింది. ఒక్కటైనా చూపించమ్మా, చూపిస్తే వెళ్ళిపోతాం అన్నాడు. నా దగ్గర ఒక్కటి లేదు. అన్ని సంచుల్లో ఒక్కటి లేదు. ఆయన టార్చి వేసి వెతకమన్నాడు. వాళ్ళు ఒక్కో సంచీ తిప్పి చూస్తూ పాక వెనక్కి వెళ్ళారు. అక్కడ చిల్లుకి అడ్డంగా వేలాడదీసిన సంచిని ఒకతను పక్కకి లాగి, సార్ అని పిలిచాడు.

ఆ సంచి గోడవైపు పక్కంతా పుట్టగొడుగులు. చేటంత గుత్తి. ఒకదాని మీద ఒకటి, చెవుల్లాగా తెల్లగా విచ్చుకుని, చిల్లు వైపు మొహం పెట్టి ఉన్నాయి. గాలీ వెలుతురూ ఆ ఒక్క చిల్లులోంచే వచ్చింది మరి. మిగతా సంచులన్నీ నా గోనె పట్టాల వెనక ఊపిరాడక కూర్చున్నాయి. నా పంటని దొంగలు చూడకుండా మూసేసి, దొంగలు పెట్టిన చిల్లు దగ్గరే పంట పండించాను.

గుత్తిని బయటికి తెచ్చారు. జనం దగ్గరికి జరిగారు. సుకిరి దాన్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరవాత చెప్పింది, చిల్లులోంచి చూస్తే తెల్లగా చెవులు కనపడ్డాయట, పాకలోంచి ఎవరో వింటున్నారని భయపడి మళ్ళీ అటు రాలేదట.

ఇనస్పెక్టరుకి ఇంకా నమ్మకం కుదరలేదు. ఇవి కుక్కగొడుగులైతేనో అన్నాడు. జనం తిని చచ్చిపోతే సారా కంటే పెద్ద కేసు. ఎలా చేస్తారో మొత్తం చెప్పమన్నాడు. చెప్పాను. పొట్టు ఏది మంచిది, తవుడు ఎంత కలపాలి, ఎంతసేపు ఉడికించాలి, విత్తనం ఎలా చల్లాలి, అన్నీ. వెనకవాళ్ళకి వినపడలేదన్నారు. మళ్ళీ గట్టిగా చెప్పాను. కాపురం చేసే మొగుడికి చెప్పని సీక్రెట్టు ఊరందర్నీ కూర్చోబెట్టి రెండోసారి కూడా చెప్పాను. గొట్టం ఎందుకని ఒక ముసలాయన సందేహం అడిగితే దానికీ జవాబు చెప్పాను.

అయితే వండుకుని తినండమ్మా, మా ముందు, అన్నాడు ఇనస్పెక్టరు.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. నేను జన్మలో పుట్టగొడుగు తినలేదు. ఇష్టం లేదు. ఆ మెత్తదనం తల్చుకుంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ట్రైనింగులో వండి పెడితే కర్చీఫులో చుట్టి పారేశాను. అమ్మడానికి పెంచాను గానీ తినడానికి కాదు. ఆ మాట ఇప్పుడు అంటే ఇంకేమైనా ఉందా? లోపలికెళ్ళి ఉల్లిపాయా పచ్చిమిర్చీ వేసి వేయించాను. పళ్ళెం తెచ్చి అరుగు మీద కూర్చున్నాను. అంతమంది నా నోరే చూస్తున్నారు. మా ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నారు. కళ్ళు మూసుకుని ఒక ముక్క నోట్లో పెట్టుకుని మింగేశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేడీ కానిస్టేబులు వంగి, మీకేమైనా తల తిరుగుతోందా అని అడిగింది. లేదని తల ఊపాను. నోరు తెరిస్తే ముక్క బయటికొచ్చేలా ఉంది. ఆ మొహం చూసి జనానికి భయం పెరిగింది.

అప్పుడు సుకిరి వచ్చి నా పక్కన కూర్చుంది. పళ్ళెం తన వైపు లాక్కుని ఒక ముక్క తింది. ఇంకోటి తింది. వానలకి కొండ మీద ఏరుకున్న పుట్టగొడుగులు చిన్నప్పట్నుంచీ తిన్న మనిషి, ఆమెకేం భయం? బాగున్నాయి, ఉప్పు సాల్లేదు, అంది. అంతే, ఊరంతా ఊపిరి వదిలింది. ఇనస్పెక్టరు కూడా ఒకటి నోట్లో వేసుకుని, సారీ అమ్మా, కంప్లయింటు వస్తే చూడాలి కదా, అని జీపెక్కాడు. గుంపులో ఒక్క గాసి మాత్రం ఆ పళ్ళెం వంక చూసి, ఇంతేనా, అన్నట్టు తల దించుకుని ఇంటికి పోయాడు.

అందరూ వెళ్ళాక సుకిరి అరుగు మీదే ఉండిపోయింది. కంప్లయింటు తనే ఇచ్చానని చెప్పింది. గొయ్యి తవ్వింది పందేనట. దాన్ని తోలడానికి వచ్చి, పులిసిన వాసన చూసి, పంది ఊగుతూ నడవడం చూసి అనుమానపడిందట. ఆపైన గాసి ఇంటికెళ్ళి, మేస్టారమ్మ మనకీ ఇస్తానంది, కానీ ఇంకా నీళ్ళే దిగుతున్నాయి, అని సంతోషంగా చెప్పాడట. నాతో ఒక్క మాట అనాల్సింది గదా అన్నాను. సుకిరి నా వంక చూసింది.

"ఎవులైనా సారా కాత్తే సంగం లీడరుకి సెప్పమన్నారు మీరు. లీడరే కాత్తంటే ఎవులికి సెప్పాల?"

ఆమె మెల్లిగా మిగతాది చెప్పింది. సారా దొరికే రోజుల్లో గాసి తాగొస్తే, పిల్లల్ని తీసుకుని కాఫీ తోటలో పడుకునేదట, చలిలో. బంద్ అయ్యాక ఇంట్లో పడుకుంటోంది. మా పాకలోంచి ఆ వాసన వస్తుంటే ఆమెకి నిద్ర పట్టలేదట. ఆ చెవులు కనపడేదాకా రోజూ చిల్లులోంచి చూసింది గాసి లోపలున్నాడేమోనని. నేనేమో నా తవుడు పాళ్ళు దొంగిలించడానికి వచ్చిందనుకున్నాను. సుకిరి చెయ్యి పట్టుకున్నాను.

మర్నాడు గోనె పట్టాలన్నీ పీకేశాం. మా ఆయన మొదటిసారి పాకలోకి వచ్చి, ఒక్కో సంచినీ తట్టి చూసి, నన్ను అనుమానించినందుకు సారీ చెప్పారు. మీ మీద నాకున్న అనుమానం అంతకంటే పెద్దది, వదిలెయ్యండి అన్నాను. గాలి తగిలిందో లేదో, సంచులన్నీ పగిలినట్టు పుట్టగొడుగులు. బుట్టలు చాల్లేదు. హోటలుకి పరుగెత్తాను. మేనేజరు కుర్చీ కూడా వెయ్యలేదు. మీ ఇంటి మీద ఏదో రైడ్ అయిందట కదా, ఆ గొడవ కాస్త చల్లారనివ్వండి, ఓనరు భయపడుతున్నాడు అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు.

చేసేది లేక శుక్రవారం అరకు సంతకి బుట్ట పట్టుకెళ్ళి, మీద తడిగుడ్డ కప్పి కూర్చున్నాను. జనం దూరం నుంచి చూస్తున్నారు, గుసగుసలాడుతున్నారు, దగ్గరికి రావట్లేదు. మధ్యాహ్నం దాటాక ఒకాయన నా ముందు నుంచి అటొకసారి ఇటొకసారి తిరిగాడు. ముంచింగిపుట్టు వైపు మనిషట. భుజం మీద తువ్వాలు, దాని కింద చేతిలో ఏదో ఉంది. చివరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. మేస్టారమ్మ మీరేనా అని అడిగాడు. అవునన్నాను. చాలా దూరం నుంచి మీ పేరు విని వచ్చానన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఉందా అని అడిగాడు. ఉందని గుడ్డ తీసి చూపించాను.

ఆయన పుట్టగొడుగుల్ని చూశాడు. ఒకటి తీసి వాసన చూసి మళ్ళీ పెట్టాడు. తువ్వాలు కింద నుంచి ఖాళీ డబ్బా తీసి నా ముందు పెట్టాడు.

"నంజుకోడానికి ఇవి బాగానే ఉన్నాయమ్మా. మరి అది?"

అది లేదని, అసలు ఎప్పుడూ లేదని, సంఘం లీడరు గొంతుతో మొదలుపెట్టి చాలాసేపు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, ఎవరైనా వింటున్నారేమోనని వెనక్కి చూసి, నాకు అర్థమైందిలెండి అన్నట్టు కన్ను గీటాడు. రెండు పెద్ద పొట్లాలు కట్టించుకున్నాడు. సంతలో నా మొదటి బేరం అదే. వెళ్తూ వెళ్తూ వంగి, తయారయ్యాక కబురెట్టండమ్మా, అన్నాడు.

నేను సరేనన్నాను. రెండు పొట్లాలు కొన్న మనిషిని పోగొట్టుకోవడం ఇష్టం లేక.